క్రొత్తగా కొనిన మేకపిల్లల వ్యాధులు: చికిత్సయు, నివారణమును
(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతుల ఉపయోగార్థము)

1. ఉద్దేశము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వర్షము మిక్కిలి తక్కువగా కురియు సీమలోనివి. 1882లో ఏర్పడిన అనంతపురము జిల్లాలో ఇవి చాలకాలము చేరియుండెను. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పెన్న, జయమంగళి, చిత్రావతి నదులు ఈ భూములగుండా పోవుచున్నను ఏడాదిలో పెక్కు నెలలు వాటిలో ఇసుకయే కాని నీరు కనబడదు. వేరుసెనగ పంట ఒక ఏడు చేతికి వచ్చినను మరుసటి యేడు రాకపోవచ్చును. ఇట్టి చోట బీదరైతునకు ఆపదయందు ఆదుకొను ధనము మేకలమందయే. మేక ముండ్లపొదల ఆకు తిని బ్రదుకును. ఏడాదిన్నర వయస్సునకే ఈనసాగును. అక్కర కలిగిన దినమున సంతకు తోలిన రొక్కము నిచ్చును.

కాబట్టి అప్పు తెచ్చి యైనను అయిదారు మేకపిల్లలను కొని పెంపకము మొదలుపెట్టువారు మన గ్రామములలో పెక్కుమంది కలరు. వారిలో అనేకులకు కలుగు కష్టము ఒక్కటే. సంతలో గంతులు వేయుచుండిన పిల్ల ఇంటికి వచ్చిన నాలుగవ దినమున మేత మానును. ఆరవ దినమున పారును. పదియవ దినమునకు చచ్చును. ఒకదాని వెనుక నొకటి పోవును. అప్పుమాత్రము నిలిచియుండును. "మాకు మేకలు అచ్చిరావు" అని రైతు విరమించుకొనును. ఇది అచ్చివచ్చుటకును రాకపోవుటకును సంబంధించిన విషయము కాదు. ఈ చావులలో ఎక్కువభాగము మొదటి మూడు వారములలోనే కలుగును. ఆ మూడు వారములలో చేయవలసిన పనులును, చేయరాని పనులును తెలిసినచో పెక్కుపిల్లలను దక్కించుకొనవచ్చును. వానిని తెలుపుటయే ఈ కరపత్రము యొక్క ఉద్దేశము.

2. క్రొత్త పిల్ల ఏల జబ్బుపడును?

తల్లిని, మందను, అలవాటైన మేతను ఒక్కమారుగా విడిచిన పిల్లకు బెదురు కలుగును. బండిలో నీరు లేక, నిలుచుటకు చోటు లేక, ఎండకు గాలికి లోబడి ప్రయాణము చేయును. సంతలో పదియూళ్ల మేకలతో ముట్టె కలిపి, వాటి అంటును తెచ్చుకొనును. ఇంటికి వచ్చిన వెంటనే క్రొత్త మేత, తరచుగా ఆకలిగొన్నదను జాలితో పెట్టిన గింజలు, కడుపునిండ తినును. ఈ నాలుగును ఒక్క దినములోనే దానిపై పడును.

ఆరోగ్యముగల మేక యొక్క ప్రేగులలోను, ముక్కుగొంతులలోను కొన్ని సూక్ష్మజీవులు ఎల్లప్పుడును ఉండును. ఒడలు బలముగా నున్నంతకాలము అవి అణగియుండును. బెదురుచేతను, అలసటచేతను ఒడలి బలము తగ్గినప్పుడు అవియే విజృంభించి నిమ్మునకును రక్తవిరేచనమునకును కారణమగును. అందుచేతనే సంతలో చూచినప్పుడు నిజముగా బాగుగానే యుండిన పిల్ల కూడ వారములోపల జబ్బుపడును. అమ్మినవాడు మోసము చేసెనని ప్రతిసారియు తలచుట సరికాదు.

3. కొనునప్పుడు చూడవలసినవి

వీలైనంతవరకు సంతలోకాక, తెలిసిన మందనుండి, తల్లిని చూచి కొనుట మేలు. కురుబ, గొల్ల కాపరులు తమ మందలో ఏ వ్యాధి ఎప్పుడు వచ్చినదో చెప్పగలరు. ఏ టీకాలు వేయించిరో కూడ అడుగవలెను. పాలు మరువని పిల్లను కొనరాదు. మూడు నెలలు నిండి, మేత నమలనేర్చిన పిల్లయే క్రొత్తవారికి తగినది.

పిల్లను పట్టుకొని క్రమముగా ఈ క్రిందివానిని చూడవలెను. కన్నులు తేటగా, పుసి లేక యుండవలెను. ముక్కునుండి చీమిడి కారరాదు. పెదవులపై పొక్కులు, పెచ్చులు ఉండరాదు. తోక ఎత్తి చూచినచో ఆ భాగము పొడిగా నుండవలెను. పెంటిక గుండ్రముగా, గట్టిగా నుండవలెను. దవడక్రింద నీరుపట్టిన వాపు ఉండరాదు. గిట్టలనడుమ దుర్వాసన ఉండరాదు. క్రిందిరెప్పను కొంచెము లాగి లోపలి రంగు చూడవలెను. ఎఱ్ఱగా నున్నచో రక్తము చాలినంత యున్నదనియు, సున్నమువలె తెల్లగా నున్నచో నట్టలు రక్తమును పీల్చివేసిన వనియు తెలియవలెను.

4. ఇంటికి తెచ్చునప్పుడు

ఎండ తగ్గిన వేళనో, తెల్లవారుజాముననో తేవలెను. బండిలో అడుగున గడ్డి పరచవలెను. పిల్లలు ఒకదానిపై నొకటి పడకుండ, పండుకొనుటకు చోటుండునట్లు ఎక్కింపవలెను. కాళ్లు కట్టివేసి మూటవలె పడవేయుట మహాపాపమే కాక నష్టము కూడ. ఊపిరాడక, కడుపుబ్బి దారిలోనే చచ్చును. హిందూపురపు పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నందున మార్గశిర పుష్యమాసములలో రాత్రులు చలిగా నుండును. ఆ దినములలో బండికి ఎదురుగాలి తగులకుండ గోనెపట్టా కట్టవలెను.

5. మొదటి మూడు దినములు

వచ్చిన వెంటనే మేత పెట్టరాదు. మొదట నీరు పెట్టవలెను. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి, గోరువెచ్చగా నున్నప్పుడు త్రాగనీయవలెను. ఒక్కమారుగా కాక కొంచెము కొంచెముగా రెండు మూడు పర్యాయములు ఇయ్యవలెను. గంటసేపు నీడలో విశ్రమించిన పిమ్మట ఎండుమేత పెట్టవలెను. వేరుసెనగ కట్టె, ఉలవపొట్టు, అలవాటైన చెట్ల ఆకు తగినవి.

మూడు దినములవరకు జొన్న, రాగి, మొక్కజొన్న, బియ్యము మొదలగు గింజలను పెట్టనే రాదు. నాలుగవ దినమున ఒక్క పిడికిలితో ప్రారంభించి, పది దినములలో క్రమముగా పెంచవలెను. నెమరువేయు జంతువు కడుపులో మేతను పులియబెట్టు కోట్లకొలది సూక్ష్మజీవులుండును. అవి క్రొత్తమేతకు అలవాటుపడుటకు వారము పదిదినములు పట్టును. అంతకుముందే గింజలు ఎక్కువగా పడినచో కడుపులో ఆమ్లము పుట్టి పిల్ల కూలబడును. విక్రేతను అడిగి, అతడు పెట్టుచుండిన మేతనే కొంత తెచ్చుకొని, మన మేతలో కలిపి పెట్టుట అన్నిటికంటె ఉత్తమము.

6. ఇరువదియొక్క దినములు వేరుగా నుంచుట

క్రొత్త పిల్లలను పాతమందలో కలుపరాదు. ఇంటికి మరియొక ప్రక్కన, పాతదొడ్డి గాలి తగులని చోట, 21 దినములు వేరుగా నుంచవలెను. అంటువ్యాధులలో పెక్కు ఈ గడువులోపల బయటపడును. వాటికి వేరు తొట్టి, వేరు కుండ ఉండవలెను. ముందుగా పాతమంద పని ముగించుకొని, పిమ్మట క్రొత్తవాటియొద్దకు పోవలెను. తిరిగి వచ్చునప్పుడు చేతులు, కాళ్లు, చెప్పులు కడుగుకొనవలెను. చోటు లేదని చెప్పువారు కలరు. నాలుగు కంపలు నాటి, పైన కొబ్బరిమట్టయో ఈతాకో కప్పినచో చాలును. ఆ కంపదడియే పాతమందకు కోటగోడ యగును.

ఈ గడువులో ప్రతిదినము ఉదయమున మేత పెట్టకముందు, ప్రతి పిల్లను నిలిచి చూడవలెను. ఏది లేచి రాలేదు? ఏది చెవులు వ్రేలవేసినది? ఏది నెమరువేయుట లేదు? ఏది పండ్లు కొరుకుచున్నది? పండ్లు కొరుకుట నొప్పికి గుర్తు. అనుమానము కలిగిన వెంటనే థర్మామీటరును నూనె రాచి మలద్వారమున పెట్టి చూడవలెను. మేకకు సహజమైన వేడి 101.5 మొదలు 103.5 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు ఉండును. మండుటెండలో కొంచెము హెచ్చవచ్చును. 104 దాటినచో జ్వరము. 100కు తగ్గినచో జ్వరముకంటె అపాయకరము. అట్టి చల్లబడిన పిల్లకు మొదట గోనెపట్టా కప్పి, వెచ్చని నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచి వేడి కలిగింపవలెను. ఒడలు వెచ్చబడి, తల ఎత్తి మ్రింగగలుగువరకు నోట ఏమియు పోయరాదు.

7. విరేచనములు

క్రొత్త పిల్లలకు హెచ్చుగా వచ్చు జబ్బు ఇదియే. అయితే విరేచనము రోగముయొక్క పేరు కాదు. లోనున్న రోగమునకు గుర్తు మాత్రమే. కారణమునుబట్టి చికిత్స మారును.

(అ) మేత మార్పువలన కలుగునది. పిల్ల చురుకుగానే యుండును, జ్వరముండదు. గింజలు, పచ్చిమేత మాన్పి ఎండుమేత పెట్టి, పైన చెప్పిన ఉప్పుచక్కెర నీరు ఇచ్చినచో ఒకటి రెండు దినములలో కుదురును.

(ఆ) రక్తవిరేచనము. దీనికి కారణము కాక్సీడియా అను కంటికి కనబడని జీవి. మూడు వారములు మొదలు అయిదు నెలల వయస్సుగల పిల్లలకు, ముఖ్యముగా తల్లిని విడిచినప్పుడును ప్రయాణము చేసినప్పుడును వచ్చును. పెంటిక నల్లగా, జిగటగా, కొన్నిసార్లు రక్తముతో పడును. పిల్ల ముక్కుచు ముడుచుకొని నిలుచును. నట్టలమందు దీనికి పని చేయదు. ఈ సంగతి తెలియక ఒకదానిమీద నొకటి నట్టలమందు పోసి పిల్లలను పోగొట్టుకొనువారు అనేకులు. పశువైద్యుడు సల్ఫా మందునో, ఆంప్రోలియమునో సాధారణముగా 5 దినములు ఇప్పించును. విరేచనము రెండవ దినమునకే కట్టినను ఐదు దినములును ఇయ్యవలెను. దొడ్డినేల తడిగా నున్నచో ఈ వ్యాధి పోదు. పెంటికను దినదినము ఊడ్చి, పొడిసున్నము చల్లవలెను. తొట్టిని పిల్లలు త్రొక్కలేని ఎత్తున నుంచవలెను.

(ఇ) నట్టలు. వీటిలో మిక్కిలి చెరుపు చేయునది నాలుగవ కడుపున నుండి రక్తము పీల్చు సన్నని నట్ట. ఒక్కొక్క నట్ట దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తమును హరించును. 500 నట్టలున్న పిల్ల దినమునకు 25 మిల్లీలీటర్ల రక్తమును పోగొట్టుకొనును. 8 కిలోల పిల్ల ఒడలిలోని రక్తమంతయు అర లీటరునకు కొంచెము హెచ్చుమాత్రమే యని తలచినచో ఈ నష్టమెంతటిదో తెలియగలదు. విరేచనము లేకయే పిల్ల పాలిపోయి, దవడక్రింద నీరుపట్టి, మంద వెనుక పడిపోవును. రెప్పలోపలి రంగునుబట్టి మందు వేయవలసిన మేకలను ఏరుకొను పద్ధతిని దక్షిణాఫ్రికా పశువైద్యులు ఏర్పరచిరి. అది ఇప్పుడు దేశదేశములందు వాడుకలో నున్నది.

నట్టలమందును పిల్ల బరువు తూచి ఇయ్యవలెను. గోనెసంచిలో కూర్చుండబెట్టి స్ప్రింగు త్రాసునకు వ్రేలాడదీసినచో బరువు తెలియును. అంచనామీద తక్కువగా ఇచ్చినచో బలమైన నట్టలు మిగిలి, క్రమముగా ఆ మందునకు లొంగనివి మందయంతటను వ్యాపించును. గొఱ్ఱెకు చెప్పిన మోతాదు మేకకు చాలనిదై యుండవచ్చును. మరికొన్ని మందులు హెచ్చినచో విషమగును. కాబట్టి మోతాదును వైద్యుని అడిగియే వేయవలెను. వీలున్నచో పెంటికను పరీక్ష చేయించి, ఏ జీవి యున్నదో తెలిసికొనిన పిమ్మట మందు వేయుట ఉత్తమము.

విరేచనము ఏ కారణమున కలిగినను చంపునది ముఖ్యముగా నీటినష్టమే. మెడపై తోలును చిటికెతో పట్టి విడిచినచో వెంటనే సర్దుకొనవలెను. ముడుత నిలిచియున్నచో ఒడలిలో నీరు చాల తగ్గినదని యర్థము. 5 కిలోల పిల్లకు ఉప్పుచక్కెర నీటిని మూడు నాలుగు గంటల కొకసారి 100 మొదలు 150 మిల్లీలీటర్ల చొప్పున, రాత్రివేళకూడ ఇయ్యవలెను. కన్నులు లోతుకు పోయి, తల ఎత్తలేని పిల్లకు నోట పోసిన నీరు చాలదు. వైద్యునిచే నరములోనికి ఎక్కింపవలెను.

8. దగ్గు, నిమ్ము

ప్రయాణమైన మొదటి పది దినములలో జ్వరము, ముక్కుకారుట, దగ్గు, రొప్పుట కనబడినచో నిమ్మని తలపవలెను. మెడ చాచి, నోరు తెరచి ఊపిరి పీల్చుచున్నచో ఆలస్యము చేయరాదు. దీనికి సూక్ష్మజీవనాశకమైన సూదిమందు కావలెను. వైద్యుడు చెప్పినన్ని దినములు వేయింపవలెను. ఒక్క సూదితో జ్వరము తగ్గినదని మానివేసినచో మరల తిరుగబెట్టును. అప్పుడు ఆ మందు పని చేయకపోవచ్చును. పిల్లను గాలిచొరబాటుగల, ఎదురుగాలి తగులని పొడిచోట నుంచవలెను. చలియని తలచి గదిలో తలుపులు బిగించి పొగబెట్టుట తప్పు. ఆ పొగయు, మూత్రపు ఘాటును ఊపిరితిత్తులను మరింత చెరచును.

9. పారుడురోగము (పీపీఆర్)

ఇది అన్నిటికంటె భయంకరమైన అంటువ్యాధి. పశ్చిమాఫ్రికాలోని ఐవరీకోస్టు దేశమున 1942లో దీనిని మొదట గుర్తించిరి. మన దేశమున 1987లో తమిళనాడునందలి విళుప్పురము ప్రాంతమున ఆరసూరు గ్రామములో నిర్ధారణ చేయబడినది. అంతకుముందు దీనిని పశువుల ముసరవ్యాధిగా పొరబడుటయు కలదు. రెండును దగ్గరి చుట్టములైన సూక్ష్మజీవులవలన కలుగునవే.

గుర్తులు: అంటు తగిలిన మూడు మొదలు ఆరు దినములలో 104 మొదలు 106 డిగ్రీల జ్వరము, కన్నులనుండి ముక్కునుండి మొదట నీరు, పిమ్మట చిక్కని చీము, చిగుళ్లపై, నాలుకపై తవుడు చల్లినట్లు పొరలు, దుర్వాసన, నాలుగైదు దినములకు నీళ్లవిరేచనము, దగ్గు. ఉత్త విరేచనమునకును దీనికిని భేదము నోటిలో తెలియును. కాబట్టి జ్వరముతో పారుచున్న ప్రతి పిల్లయొక్క నోరు తెరచి చూడవలెను.

ఈ సూక్ష్మజీవిని చంపు మందు లేదు. అయినను చేయి ముడుచుకొని కూర్చుండరాదు. దీని వెంట వచ్చు నిమ్మును సూదిమందుతో అడ్డగింపవచ్చును, నీటినష్టమును పూరింపవచ్చును, లేతగులాబిరంగు పొటాసియం పర్మాంగనేటు నీటితో నోరు కడిగి, బోరోగ్లిజరిను రాచి, పలుచని రాగిగంజి పోయుచుండినచో కొన్ని పిల్లలు బ్రదుకును. వెంటనే వైద్యశాలకు తెలుపవలెను. ఆ పిల్లలను ఏకారణముచేతనైనను సంతకు తోలరాదు. చచ్చులోపల ఎంతో కొంత వచ్చునని అమ్మిన పిల్ల వెంట పదియూళ్లకు చావు పోవును. అది మరల మన యూరికే తిరిగివచ్చును.

దీనికి నిజమైన మందు టీకాయే. మూడు నెలలు నిండిన పిల్లకు ఒక్కసారి వేసినచో సుమారు మూడు సంవత్సరములు కాపాడును. సుంగ్రి, ఆరసూరు అను ఊళ్ల పేర్లతో పిలువబడు రెండు టీకాలును మన దేశపు శాస్త్రజ్ఞులు సిద్ధపరచినవే. టీకా బలము ఎంతటిదో ముసరవ్యాధి చరిత్రయే సాక్ష్యము. మన తాతల కాలమున ఊళ్లకు ఊళ్ల ఎద్దులను తుడిచిపెట్టిన ఆ వ్యాధికి 1920 దశాబ్దమున ముక్తేశ్వరపు ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు మేకలయందు పెంచి టీకా తయారు చేసెను. తరువాత వచ్చిన మేలైన టీకాలచే 2011లో ఆ వ్యాధి లోకమునుండియే రూపుమాసినట్లు ప్రకటింపబడినది. నాడు పశువులను కాపాడుటకు మేక తోడ్పడెను. పారుడురోగమునుకూడ 2030 నాటికి నిర్మూలింపవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి. ఆ పని ప్రతి గ్రామపు మేకలదొడ్డిలో నెరవేరవలసియున్నది.

10. చిటుకురోగము, కడుపుబ్బు, నాము

తొలకరికి మొలచిన లేతగడ్డిని విపరీతముగా మేసినప్పుడును, గింజలకుప్పపై పడినప్పుడును బలిసిన పిల్లలు హఠాత్తుగా గిలగిల కొట్టుకొని చచ్చుట చిటుకురోగమున కలదు. చిటికెవేసినంతలో పోవునది గనుక చికిత్సకు అవకాశము తక్కువ. వానలకు ముందు టీకా వేయించుట, మొదటిసారి వేయించుకొను పిల్లలకు రెండు మూడు వారములకు మరల వేయించుట, లేతగడ్డికి తోలుటకుముందు ఎండుమేత పెట్టుట, ఇవియే రక్ష.

కడుపుబ్బు ఎడమడొక్కన కనబడును. తట్టినచో తప్పెటవలె మ్రోగును. పిల్లను ముందుకాళ్లు ఎత్తుగా నిలిపి, 20 మొదలు 30 మిల్లీలీటర్ల వేరుసెనగనూనెను మెల్లగా పట్టించి, ఎడమడొక్కను రుద్దుచు నడిపింపవలెను. అరగంటలో తగ్గనిచో వైద్యునియొద్దకు పోవలెను.

కోసిన జొన్నచేలలో వానకు తిరిగి చిగిరించిన లేతజొన్నయు, వాడిన జొన్నయు నామువిషము కలవి. ఆకలిగొన్న క్రొత్త పిల్లను అందులో విడువరాదు. నాము ఎక్కిన మేక వణకుచు, రొప్పుచు నిమిషములలో పడిపోవును. సోడియం థయోసల్ఫేటు సూది వెంటనే దొరికినచో బ్రదుకును. గన్నేరుకొమ్మలను కంపదడిలో కట్టుటకూడ ప్రమాదమే. దాని ఆకు కొద్దిపాటి తినినను చంపును.

11. మూతిపుండ్లు

పెదవులపై పొక్కులు లేచి పెచ్చులు కట్టును. రెండు నాలుగు వారములలో తమంతట మానును. అయితే నొప్పిచే పిల్ల తినక కృశించును. మెత్తనిమేత, గంజి ఇచ్చి, బోరోగ్లిజరిను రాయవలెను. పెచ్చులను గీకరాదు. ఇది మనుష్యుల చేతులకును అంటును. కావున తొడుగులేక తాకరాదు, పిల్లలను ఆడుకొననీయరాదు.

12. మందు త్రాగించు విధము

జబ్బుతోకాక, తప్పుగా పోసిన మందుతో చచ్చు పిల్లలు కొన్ని గలవు. తలను ఆకాశమువైపు ఎత్తి పోసినచో మందు ఊపిరితిత్తులలోనికి పోవును. ముట్టె కన్నులకంటె ఎత్తుగా నుండరాదు. సూదిలేని పిచికారిని నోటిప్రక్కనుండి నాలుకమీదికి పెట్టి, కొంచెము పోసి, మ్రింగిన పిమ్మట మరికొంత పోయవలెను. దగ్గినచో వెంటనే తల విడిచిపెట్టవలెను. పండుకొన్న పిల్లను కూర్చుండబెట్టకుండ ఏమియు పోయరాదు.

మనుష్యులకు వ్రాసిన మాత్రలను పొడిచేసి ఇచ్చుట, పొగాకునీరు పోయుట, కడుపుమీద వాతలు పెట్టుట మానవలెను. వాత విరేచనమును కట్టదు. నొప్పిచే ఉన్న బలముకూడ పోవును. మన పెద్దలు చెప్పిన గంజియు, విశ్రాంతియు, వెచ్చదనమును మాత్రము నేటికిని మంచి వైద్యమే.

13. టీకాల క్రమము

వీలైనచో కొనుటకు రెండు వారములకు ముందే, విక్రేత మందలోనే, మన ఖర్చుతోనైనను పారుడురోగపు టీకా వేయించి తెచ్చుకొనవలెను. అట్లు కానిచో పిల్ల వచ్చి అలసట తీరి, జ్వరము, విరేచనము లేవని తేలిన పిమ్మట, రెండవ వారమున వైద్యుని సలహాపై వేయింపవలెను. జబ్బుగా నున్న పిల్లకు టీకా వేయరాదు. చిటుకురోగము, గొంతువాపు టీకాలను ఏటేట వానలకు ముందు వేయింపవలెను. ఏ పిల్లకు ఏ తేదీన ఏది వేసిరో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను.

14. చనిపోయిన పిల్ల విషయమున

చచ్చిన పిల్లను చెరువులోను, వంకలోను పారవేయరాదు. లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. ముక్కు, నోరు, మలద్వారములనుండి గడ్డకట్టని నల్లరక్తము కారి హఠాత్తుగా చచ్చినచో దొమ్మరోగమని అనుమానింపవలెను. అట్టిదానిని కోయరాదు, తోలు తీయరాదు, తినరాదు. అది మనుష్యులనుకూడ చంపును. భీమా చేయించినచో చెవిపోగును తీయక, పూడ్చుటకు ముందే వైద్యునికి తెలుపవలెను. ఇతర చావులలో పశువైద్యునిచే కోయించి కారణము తెలిసికొనినచో, పోయిన యొక్క పిల్ల మిగిలిన తొమ్మిదింటిని కాపాడును.

15. ముగింపు

పశువైద్యశాల దూరమని తలచి ఆలస్యము చేయరాదు. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును పిలిపించుకొనవచ్చును. పిలుచునప్పుడు పిల్ల వయస్సు, వచ్చిన దినము, జ్వరము ఎన్ని డిగ్రీలు, పెంటిక ఎట్లున్నది, ఏ మందు ఇచ్చితిరి అను అయిదు సంగతులు చెప్పినచో వైద్యుడు తగిన మందులతో రాగలడు.

రైతులు ఈ క్రింది ఆరుమాటలను జ్ఞాపకముంచుకొనవలెను.

మొదట నీరు, పిమ్మట ఎండుమేత.
మూడు దినములు గింజలు లేవు.
ఇరువదియొక్క దినములు వేరుదొడ్డి.
ప్రతి ఉదయము ప్రతి పిల్లను చూపు.
బరువు తూచక మందు లేదు.
జ్వరముతో పారినచో నోరు చూచి, అదే దినమున వైద్యునికి తెలుపుము.

ఈ యారింటికిని పెద్ద ధనము అక్కరలేదు. ఒక థర్మామీటరు, ఒక త్రాసు, నాలుగు కంపలు, మూడు వారముల ఓపిక చాలును. ఆ ఓపికను చూపిన రైతు ఇంట, అప్పుతెచ్చి కొనిన పిల్లలే ఏడాదిన్నరకు ఈని, అప్పు తీర్చి, మందగా నిలుచును.